జవాన్లు, మాజీ సైనికులు, వాళ్ల ఇంటివాళ్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మాది చిన్న సలహా కేంద్రం. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకు లోను, భూమి కాగితం, ఇంటి గొడవ, ఏ పనికైనా జనం వస్తుంటారు. అందులో ఫౌజీ ఇళ్ల నుంచి వచ్చేవాళ్ల కష్టం కొంచెం వేరు. మనిషి ఎక్కడో లేహ్‌లోనో తవాంగ్‌లోనో ఉంటాడు, ఆయన సర్వీసు కాగితాలు ఇంకో రాష్ట్రంలో రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి, పెన్షన్ ప్రయాగ్‌రాజ్ నుంచి మంజూరవుతుంది, ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మాత్రం ఊళ్లో ఉన్న భార్యో తల్లో తండ్రో. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ రాసిపెట్టాం. మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎవరో కావాలని ఆపినవి తక్కువ, పేరో పుట్టిన తేదీయో తప్పుపడి ఆగినవే ఎక్కువ. మనిషి సర్వీసులో ఉండగా ఒక దరఖాస్తుతో అయ్యే పని ఆయన పోయాక ఏళ్లు పడుతుంది.

మీరు ఆర్మీ వాళ్లా? సైనిక్ బోర్డు మీదేనా?

కాదు. జనం సైనిక్ బోర్డు అనే సైనిక సంక్షేమ కార్యాలయం ప్రభుత్వానిది. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, వితంతువు కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయాల దరఖాస్తులు అన్నీ అక్కడి నుంచే కదులుతాయి. మేము వాళ్లకి పోటీ కాదు, చాలా కేసుల్లో మేము చేసేది మిమ్మల్ని సరైన కాగితాలతో అక్కడికి పంపడమే. జిల్లాలు 33 అయ్యాయి గానీ ఈ ఆఫీసులు పాత ఉమ్మడి జిల్లా కేంద్రాల్లోనే ఉన్నాయి, అందుకే ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వాళ్లు కూడా ఇటే రావాల్సి వస్తోంది. ఏటూరునాగారం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఒక జిరాక్సు తక్కువైందని తిరిగిపోయే అమ్మలను చూస్తుంటాం. బయల్దేరే ముందు మాకు ఒక ఫోన్ కొట్టండి, ఏమేం కావాలో చదివి వినిపిస్తాం.

మరి మీరు చేసేది ఏంటి?

ముందు కాగితం చదువుతాం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వు, అంతా ఇంగ్లిషు పొట్టి అక్షరాలే, అది ఇంట్లో ఇరవై ఏళ్లుగా ట్రంకు పెట్టెలో ఉన్నా అందులో భార్య పేరు ఏమని రాసి ఉందో చూడని ఇళ్లు చాలా ఉన్నాయి. చదివి ఏ లైను దేనికి అక్కరకొస్తుందో తెలుగులో చెప్తాం, దరఖాస్తు రాసిపెడతాం, ఎక్కడికి పంపాలో అడ్రసు చూస్తాం. ఆర్టిలరీ వాళ్ల రికార్డ్స్ నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్ వాళ్లవి జబల్‌పూర్‌లో, మద్రాస్ రెజిమెంట్ వాళ్లవి వెల్లింగ్టన్‌లో ఉంటాయి, ఈఎంఈ, ఏఓసీ వాళ్లకి సికింద్రాబాదే. రిజిస్టర్డ్ పోస్టు రసీదు కాపీ మా ఫైల్లో పెట్టి, జవాబు రాకపోతే మళ్లీ రాస్తాం. సోమవారం పొద్దున మా ఆఫీసులో ఎవరూ ఉండరు, ప్రజావాణికి కలెక్టరేట్‌కి వెళ్తాం, అక్కడికి రావాల్సినవాళ్లు ఉంటే మాతోపాటే రావచ్చు.

కోర్టులో వాదించం. ఫైలు "కదిలించం". డబ్బు అప్పుగా ఇవ్వం.

ఫీజు ఎంత?

ఏమీ లేదు, పని అయ్యాక స్వీట్లు తెచ్చినా వద్దనే అంటాం. పెన్షన్ బకాయి వస్తే అందులో ఇంత శాతం ఇవ్వాలని ముందే తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లు తిరుగుతున్నారు, వాళ్లని గడప తొక్కనీయకండి. స్పర్శ్ అంటే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ, ఆ పేరు చెప్పి "స్పర్శ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది" అని ఫోన్ వస్తే అది దొంగ ఫోనే. పొరపాటున చెప్పేస్తే సిగ్గుపడి కూర్చోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మా ఆయన సీఆర్పీఎఫ్. మేము రావచ్చా?

రండి. కానీ ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ హోం శాఖ కింద ఉంటాయి, రక్షణ శాఖ కింద కాదు. కాబట్టి సైనిక్ బోర్డు సాయాలు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం), ఓఆర్ఓపీ (ఒకే ర్యాంకుకి ఒకే పెన్షన్), ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఇవేవీ మీకు వర్తించవు. మీకు హోం శాఖలోని వార్బ్ అనే సంక్షేమ బోర్డు, మీ ఫోర్సు గ్రూప్ సెంటరు ఉన్నాయి. 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్ల పెన్షన్ లెక్క కూడా ఆర్మీ లెక్క కాదు. బార్డర్‌లో ఒకే మంచులో నిలబడే ఇద్దరికి ఇంత తేడా ఏంటని అడిగితే మా దగ్గర సమాధానం లేదు, మాకూ అది న్యాయంగా అనిపించదు. తెలియక తప్పు ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగేకంటే ముందే తెలుసుకోవడం మేలని చెప్తున్నాం.

పీపీఓలో నా పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. ఏమవుతుంది?

ఆయన ఉన్నన్ని రోజులు ఏమీ కాదు. అదే అసలు చిక్కు, ఏమీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

మన దగ్గర ఇది ఎలా జరుగుతుందో చూడండి. అబ్బాయి పెళ్లి చేసుకుని యూనిట్‌కి పోయాక క్లర్కు అడిగితే భార్య పేరు "లక్ష్మి" అని చెప్తాడు. అదే సర్వీసు రికార్డులో ఇంటి వివరాలు ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కుతుంది. ఇక్కడ ఆధార్‌లో ఇంటిపేరు ముందు పెట్టి "బానోతు లచ్చమ్మ" అని ఉంటుంది, బ్యాంకులో "బి. లక్ష్మమ్మ", టెన్త్ మెమోలో ఇంటిపేరు పుట్టింటిది. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1, ఎందుకంటే కార్డు తీసిన రోజున ఎవరికీ తేదీ గుర్తు లేదు. ఊళ్లో అందరికీ ఆమె ఒక్కతే మనిషి, కంప్యూటర్‌కి మాత్రం నలుగురు.

ఆయన ఇంకా సర్వీసులో ఉంటే పని సులువు. ఆధార్, పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, రెండు పేర్లూ ఒకరివే అని చెప్పే అఫిడవిట్ తయారుచేసి పంపితే యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ దిద్దిస్తారు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఎక్కాయా లేదా అని అదే దెబ్బలో చూసుకోవాలి. రిటైరైనవాళ్లయితే సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్‌కి రాయాలి, స్పర్శ్‌లో కూడా సర్వీస్ రిక్వెస్ట్ పెట్టాలి. మేము రెండూ చేయిస్తాం. ఒక్క సలహా, ఎటు దిద్దాలో ముందు కూర్చుని తేల్చుకోండి. ఆధార్‌ని పీపీఓకి సరిపెట్టాలని మార్చి, దాంతో బ్యాంకు తప్పి, బ్యాంకు మారిస్తే పట్టా పాస్‌బుక్ తప్పి, అట్లా చుట్టూ తిరిగి మొదటికే వచ్చిన కేసులు ఉన్నాయి.

మా ఆయన పెన్షన్ తీసుకుంటూ పోయారు. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు దినాలు కానివ్వండి అమ్మా, ఫ్యామిలీ పెన్షన్ ఎక్కడికీ పోదు. కానీ ఒక్క పని మాత్రం ఆపండి, ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం. చావు తర్వాత పడ్డ పెన్షన్‌ను తర్వాత మీ దగ్గరే వసూలు చేస్తారు.

మరణ ధ్రువపత్రం వచ్చాక నాలుగైదు కాపీలు తీసుకోండి, అన్నిచోట్లా అడుగుతారు. స్పర్శ్‌లో మరణం నమోదు చేసి ఫ్యామిలీ పెన్షన్ కోరాలి, బ్యాంకుకి చెప్పాలి. మీ పేరు పీపీఓలో సరిగ్గా ఉంటే పెద్ద ఇబ్బంది ఉండదు. ఆయనకు రావాల్సిన పాత బకాయిలు ఏమైనా ఉంటే అవి విడిగా అడగాలి, ముఖ్యంగా ఓఆర్ఓపీ సవరణ తేడా, ఎందుకంటే 2014 జులై 1 నుంచి మొదలుపెట్టి అయిదేళ్లకోసారి, అంటే 2019, 2024 జులైల నుంచి లెక్కలు మారాయి, ఆ డబ్బు కొందరి ఖాతాల్లో పడకముందే మనిషి పోయాడు. ఈసీహెచ్ఎస్ కార్డు మీ పేరు మీదికి మార్చుకోవాలి, వితంతువు గుర్తింపు కార్డు తీసుకోవాలి.

డబ్బు ఎంత వస్తుందని అందరూ అడుగుతారు. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతం. కానీ మొదట్లో కొన్నాళ్లు 50 శాతం లెక్కన ఇస్తారు, రిటైరయ్యాక పోతే ఏడేళ్లు లేదా ఆయనకు 67 ఏళ్లు నిండే తేదీ, ఏది ముందైతే అది. అది అయిపోయిన నెల పెన్షన్ ఒక్కసారి తగ్గుతుంది, "ఎవరో కోసేశారు" అని ఏడుస్తూ వస్తారు. కోయలేదు, లెక్క మారింది. అయినా ఒకసారి తెచ్చి చూపించండి, తేదీ తప్పు వేసి ముందే తగ్గించారేమో చూస్తాం.

డ్యూటీలో ఉండగా పోతే?

అప్పుడు యూనిట్ వాళ్లే చాలా పనులు చూస్తారు, మొదటి రోజుల్లో మా అవసరం పెద్దగా ఉండదు. మీరు చూడాల్సింది ఒకే మాట: మరణాన్ని ఏ కోవలో రాశారు. యుద్ధంలోనో ఉగ్రవాదుల కాల్పుల్లోనో పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అది ఆఖరి జీతంలో నూరు శాతం. సర్వీసు కారణంగా పోతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. సర్వీసుకి సంబంధం లేదని రాస్తే మామూలుది, అందులో పదేళ్లు 50 శాతం, తర్వాత 30. సెలవు మీద వస్తూ పోతూ దారిలో ప్రమాదం జరిగితే ఈ మాట మీదే కేసంతా నడుస్తుంది. కాజీపేటలో రైలు దిగి ఊరికి బండి మీద పోతుండగా ప్రమాదం అయితే ఆ రోజు లీవ్ సర్టిఫికెట్, టికెట్, ఎఫ్ఐఆర్ అన్నీ దాచండి.

జీతం ఖాతా ఏ బ్యాంకులో ఏ ప్యాకేజీలో ఉందో కూడా అడగండి. డిఫెన్స్ శాలరీ ప్యాకేజీ ఖాతాలకు ప్రమాద బీమా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు తెలియక అడగకుండా వదిలేస్తారు.

ఇక అత్తా కోడళ్ల మధ్య గొడవ. రాయడానికే ఇబ్బందిగా ఉంది గానీ మా దగ్గర దీని కోసం వచ్చే ఇళ్లు తక్కువేం కాదు. ఫ్యామిలీ పెన్షన్‌లో మొదటి హక్కు భార్యది, ఆయన నామినీగా ఎవరి పేరు రాసినా అది మారదు. బీమా డబ్బు దగ్గర మాత్రం నామినేషన్ చూస్తారు. పెళ్లి కాకముందు అమ్మ పేరు రాసి తర్వాత మార్చని జవాన్లు ఎంతమందో. ఇది చదువుతున్న తమ్ముళ్లూ, మీరు ఈ రోజే చూసుకోండి, ఎవరికి ఎంత అన్నది మీరు బతికుండగా తేల్చండి. మేము ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాం, కానీ ఎవరి పక్షమూ తీసుకోం.

పెన్షన్ ఈ నెల పడలేదు. ఎందుకు?

నూటికి తొంభై లైఫ్ సర్టిఫికెట్. ఏడాదికోసారి ఇవ్వాలి, గడువు ఎప్పుడో స్పర్శ్ లాగిన్‌లో కనిపిస్తుంది. "నేను మొన్ననే నెట్ సెంటర్లో వేలిముద్ర వేశాను" అంటారు, నిజమే వేశారు, కానీ లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర పాత అలవాటు కొద్దీ బ్యాంకు పేరు ఎంచుకుంటారు. స్పర్శ్‌కి మారినవాళ్లు అక్కడ "స్పర్శ్ - పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్" అని ఎంచుకోవాలి, పీపీఓ నంబరు కూడా స్పర్శ్ ఇచ్చిన కొత్తదే వేయాలి. వేళ్లు అరిగిపోయి ముద్ర పడని పెద్దవాళ్లకి ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది, మంచం మీద ఉన్నవాళ్లకి మా వాళ్లు ఇంటికొచ్చి చేస్తారు.

కొడుకు డ్యూటీలో ఉన్నాడు, ఇక్కడ భూమి పంచాయితీ నడుస్తోంది. ఎవరు చూస్తారు?

ఉత్తర తెలంగాణలో ఫౌజీ ఇళ్ల పెద్ద టెన్షన్ ఇదే. బాపు పోయాక అన్నదమ్ముల్లో ఊళ్లో ఉన్నవాడు ఫౌతి, అంటే వారసత్వంగా భూమి పేరు మార్పు, చేయించుకుంటాడు, బార్డర్‌లో ఉన్నవాడి పేరు ఉండదు. రెండేళ్లకు సెలవు మీద వచ్చి చూస్తే గట్టు జరిగి ఉంటుంది. ఏడాదికి 60 రోజుల సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉన్నా అవి అనుకున్నప్పుడు దొరకవు, దొరికిన వారం రోజుల్లో తహసీల్దారు సెలవులో ఉంటాడు.

దారులు ఉన్నాయి. జవాను తన కమాండింగ్ ఆఫీసర్‌కి రాసిస్తే ఆయన కలెక్టర్‌కో పోలీసు కమిషనర్‌కో డీవో లెటర్, అంటే తన పేరుతో నేరుగా రాసే ఆఫీసు లేఖ, పంపుతారు, దానికి విలువ ఉంటుంది. అయితే ఆ లెటర్‌లో సర్వే నంబరు, ఊరు, మండలం, అసలు ఏం అడుగుతున్నామో స్పష్టంగా లేకపోతే ఫైల్లోనే పడి ఉంటుంది, మేము ఆ వివరాలు రాసి వాట్సాప్‌లో పంపుతాం, యూనిట్‌లో చూపిస్తే చాలు. ధరణి పోయి 2025లో భూ భారతి చట్టం వచ్చాక వారసత్వం మార్పుకి నోటీసు ఇచ్చి విచారణ చేయాలి, తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓ దగ్గరికి అప్పీలుకు పోవచ్చు. సివిల్ కోర్టులో కేసు వేస్తే, ప్రత్యేక పరిస్థితుల్లో డ్యూటీలో ఉన్న సైనికుడు రాలేడని అధికారి సర్టిఫికెట్ ఇస్తే వాయిదా వేయడానికి 1925 నాటి సైనికుల లిటిగేషన్ చట్టం ఉంది, మన లాయర్లలో దాన్ని వాడేవాళ్లు తక్కువ, వాడమని మేము గుర్తుచేస్తాం. లాయరు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితమే. సైనిక కుటుంబాల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2025 జులైలో వీర్ పరివార్ సహాయత అని ఒక పథకం కూడా మొదలుపెట్టింది.

సర్కారు మాజీ సైనికుడిగా ఇచ్చిన భూమి అమ్ముకోవచ్చా?

మామూలు అసైన్డ్ భూమి వేరు, ఇది వేరు. మాజీ సైనికుడికి ఇచ్చినది పదేళ్లు దాటితే అమ్ముకునే వీలుంది, కానీ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు, కలెక్టర్ ఎన్ఓసీ కావాలి. పట్టా కాగితం, డిశ్చార్జి బుక్కు తీసుకుని రండి. ఎన్ఓసీ రాకముందే అడ్వాన్సు తీసుకోకండి.

పదిహేనేళ్లు నిండకుండానే వచ్చేశాను, పెన్షన్ లేదు. నాకేం ఉండదా?

ఉంటుంది. హవల్దార్ ర్యాంకు వరకు పెన్షన్ రాని మాజీ సైనికుడికి గానీ ఆయన పోతే భార్యకి గానీ 65 ఏళ్లు దాటితే రక్షామంత్రి సంక్షేమ నిధి నుంచి పేదరిక సాయం అడగవచ్చు. 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు ఇది నెలకు 8,000 రూపాయలు, ముందు 4,000 ఉండేది. అదే నిధి నుంచి ఇద్దరు పిల్లల దాకా చదువుకి ఒక్కొక్కరికి నెలకు 2,000, కూతురి పెళ్లికి లక్ష, పెళ్లయిన 180 రోజుల్లోపు పెట్టుకోవాలి. శుభలేఖ, ఫోటో, పెళ్లి సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి, హడావుడిలో ఆ ఆర్నెల్లు ఇట్టే గడిచిపోతాయి.

పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలు రికార్డ్స్ ఆఫీసులో 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. మీ దగ్గరున్న డిశ్చార్జి బుక్కే ఆధారం, చెదలు పట్టకముందే స్కాన్ చేయించి ఇద్దరు పిల్లల ఫోన్లలో పెట్టండి.

సర్వీసులో బీపీ వచ్చింది, డిసెబిలిటీ పెన్షన్ మాత్రం ఇవ్వం అన్నారు.

ఇది పొడుగాటి కథ, వచ్చి కూర్చుంటేనే చెప్పగలం. చేరినప్పుడు లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని ముందు అనుకోవాలని, కాదని చూపించే బాధ్యత ప్రభుత్వానిదని సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో చెప్పింది. 2023 సెప్టెంబరులో కొత్త నియమాలు వచ్చాయి కాబట్టి మీరు ఏ తేదీన బయటికి వచ్చారన్నది ముఖ్యం. మెడికల్ బోర్డు కాగితం తెండి, అందులో శాతం ఎంత రాశారు, కారణం గడిలో ఏం రాశారు, ఆ రెండే మేము ముందు చూసేవి. అప్పీళ్లు అయ్యాక చివరికి ట్రిబ్యునల్, మనకి చెన్నై బెంచి. ఎన్నేళ్ల తర్వాత వెళ్లినా పెన్షన్ కేసు వినిపించుకోవచ్చు గానీ బకాయి మామూలుగా మూడేళ్లకే ఇస్తారు, కాబట్టి ఆలస్యం చేసినకొద్దీ పోయేది మీ డబ్బే.

పిల్లల చదువుకి?

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, కోర్సుని బట్టి ఇంటర్లోనో డిగ్రీలోనో 60 శాతం వచ్చి బీటెక్, ఎంబీబీఎస్, బీఈడీ లాంటి కోర్సుల్లో మొదటి ఏడాది చేరినవాళ్లకి, అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టాలి, రెండో ఏడాది గుర్తొస్తే లాభం లేదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో క్యాప్ (సైనికుల పిల్లల కోటా) కేటగిరీ కూడా ఉంది, ఫారం నింపేటప్పుడే టిక్ పెట్టాలి.

ప్రైవేటు ఆసుపత్రిలో అర్ధరాత్రి చేర్చాం. ఈసీహెచ్ఎస్ డబ్బు ఇస్తుందా?

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ ఆసుపత్రైనా పర్లేదు, 48 గంటల్లోపు పాలిక్లినిక్‌కి తెలియజేయాలి. ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రి అయితే కార్డు చూపిస్తే వాళ్లే చూసుకుంటారు. లేకపోతే బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఎమర్జెన్సీ అని డాక్టరు రాసిచ్చిన కాగితం దాచండి. చేతి నుంచి పెట్టినదంతా వస్తుందనుకోకండి, వాళ్ల రేట్ల ప్రకారమే ఇస్తారు.

తమ్ముడు అగ్నివీర్. నాలుగేళ్ల తర్వాత వాడి పరిస్థితి ఏంటి?

మొదటి బ్యాచ్ వాళ్లకి నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు రోజూ వస్తోంది. 25 శాతం వరకు ఉంచుకుంటారు. మిగతావాళ్లకి సేవా నిధి, పథకం ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క సుమారు 11.71 లక్షలు, దాని మీద ఆదాయపు పన్ను లేదు. పెన్షన్, ఈసీహెచ్ఎస్, మాజీ సైనికుడి హోదా ఉండవు. మేము చెప్పేది ఒకటే, ఆ డబ్బు ఖాతాలో పడిన నెలలోనే ప్లాటు అమ్మేవాళ్లు, చిట్టీలు నడిపేవాళ్లు, షేర్లు నేర్పిస్తామనేవాళ్లు ఇంటి ముందు కూర్చుంటారు, ఆర్నెల్లు ఎవరికీ ఇవ్వకండి. స్కిల్ సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితాల్లో పేరు టెన్త్ మెమోతో కలిసిందో లేదో చూసుకోండి, పోలీసు, కేంద్ర బలగాల నోటిఫికేషన్లకి అదే అక్కరకొస్తుంది.

ఇంకా చేరనివాళ్లకి: దరఖాస్తు ఫీజు తప్ప భర్తీకి ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. "సికింద్రాబాద్‌లో మనవాడు ఉన్నాడు" అనేవాడికి నమస్కారం పెట్టి పంపేయండి.

ఆయన ఇంటికి పైసలు పంపడం లేదు, సెలవు మీద వస్తే కొడతాడు. మీకు చెబితే ఆయన ఉద్యోగం పోతుందా?

మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా యూనిట్‌కి గానీ అత్తగారింటికి గానీ వెళ్లదు. భార్యాపిల్లల పోషణకి జవాను జీతంలో నుంచి కోసి పంపే అధికారం ఆర్మీ చట్టంలోనే ఉంది, దానికి మీరు కమాండింగ్ ఆఫీసర్‌కి దరఖాస్తు పెట్టవచ్చు, కోర్టుకి వెళ్లకుండానే. కొడుతుంటే మాత్రం ముందు మీ ప్రాణం చూసుకోండి, 181కి ఫోన్ చేయండి, సఖి కేంద్రం ఉంది. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం.

రిటైరై వచ్చినప్పటి నుంచి ఆయన నిద్రపోడు, ఎవరితో మాట్లాడడు, క్యాంటీన్ సీసాతోనే ఉంటాడు.

ఇది పిచ్చి కాదు, పొగరు కాదు. ఇరవై ఏళ్లు బూట్ల చప్పుడుతో లేచిన మనిషికి పొద్దున్నే చేయడానికి ఏ పనీ లేకపోవడం ఎంత బరువో ఇంట్లోవాళ్లకి వెంటనే అర్థం కాదు. టెలిమానస్ 14416 రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్‌లో మాట్లాడనంటే మా దగ్గరికి వేరే పని చెప్పి తీసుకురండి, పీపీఓ చూపించాలనో బ్యాంకు పనో. మా దగ్గర కూర్చునేవాళ్లలో ఇద్దరు రిటైర్డ్ సుబేదార్లు ఉన్నారు, వాళ్లు ఛాయ్ తాగుతూ "ఏ యూనిట్ అన్నా?" అని మొదలుపెడితే మిగతాది వాళ్లే చూసుకుంటారు. చచ్చిపోతా అంటుంటే మాత్రం ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నేను పోస్టింగ్‌లో ఉన్నాను. ఫోన్‌లో అడగొచ్చా?

అడగొచ్చు. సిగ్నల్ ఉన్నప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. యూనిట్ పేరు, ఎక్కడున్నారు, ఎప్పుడు కదులుతున్నారు లాంటివి మాకు చెప్పకండి, మాకు అవసరం లేదు. మీ తరఫున ఇంటి నుంచి ఎవరు వస్తారో వాళ్ల పేరు, వాళ్లకి ఏ కాగితం చూపించవచ్చో ఒక చిన్న చీటీ మీద రాసి సంతకం పెట్టి ఫోటో పంపండి. ఆ చీటీ లేకుండా మీ నాన్న వచ్చి అడిగినా మీ ఫైలు మేము తెరవం.